భయపడే కుక్కతో వాకింగ్: ఏ వేళ, ఏ దారి, ఏ తాడు

భయపడే కుక్కని పెంచుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఏ హార్నెస్ (ఛాతీకి తొడిగే పట్టీల బెల్టు) కొనాలి అని. అది ఆఖరున తేలాల్సిన సంగతి. అంతకంటే ముందు ఏ వేళప్పుడు బయల్దేరాలి, ఏ సందు పట్టుకుని వెళ్ళాలి, ఎదురుగా గొలుసు లేని కుక్క పరుగెత్తుకొస్తే ఏం చెయ్యాలి, వెనకాల తాపీగా నడిచొచ్చే దాని యజమానితో ఏం మాట్లాడాలి, అసలు ఇవాళ వెళ్ళాలా మానాలా అన్నవి ఉన్నాయి. మేముండేది ఒడిశాలోని బరంపురంలో కాబట్టి ఇక్కడి సంగతులే రాస్తున్నాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్ళు వీధుల పేర్లు మార్చుకుని చదువుకుంటే సరిపోతుంది. మా జూలీ వీధిలోంచి తెచ్చుకున్న దేశీ కుక్క. మనుషులంటే పర్వాలేదు గానీ ఇంకో కుక్క కనపడితే తోక కాళ్ళ మధ్యకి పోతుంది, ఆ కుక్క ఇంకాస్త దగ్గరికొస్తే అదే జూలీ మొరుగుతూ మీదకి ఎగబడుతుంది, చూసేవాళ్ళంతా పొగరుబోతు కుక్క అనుకుంటారు.

ఏ పద్ధతిని దేనితో పోల్చినా నేను చూసేవి రెండే. ఒకటి, ఆ సమయంలో కుక్క నా చేతిలో తిండి తీసుకుంటోందా. ఇంట్లో ఉడికించిన చికెన్ ముక్క కోసం కాళ్ళకి అడ్డం పడే కుక్క రోడ్డు మీద అదే ముక్క మూతి దగ్గర పెట్టినా మొహం తిప్పుకుంటోందంటే అది మొండితనం కాదు, భయంతో ఆకలి చచ్చిపోయింది, ఆ స్థితిలో దానికి ఏదీ బుర్రకెక్కదు. రెండు, నాకు వెనక్కి తిరిగే చోటు ఉందా. ఈ రెంటికీ అవునని చెప్పగలిగే పద్ధతి ఎంత నాసిగా కనపడినా మంచిదే, కాదంటే ఎంత ఖరీదైన సరంజామా ఉన్నా దండగే. తిండి మానెయ్యడానికి ముందు కూడా కొన్ని గుర్తులు కనపడతాయి. ఊరికే పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడటం, ఒళ్ళు తడవకపోయినా విదిలించుకోవడం, ఉన్నట్టుండి బిగుసుకుపోయి నిలబడటం. మొరగడం వీటన్నిటి తర్వాత వస్తుంది. ప్రతి భయస్తురాలికీ ఒక దూరం ఉంటుంది, అంత దూరంలో ఇంకో కుక్క ఉంటే చూస్తుంది కానీ తినడం మానదు. ఒక కుక్కకి అది రోడ్డు వెడల్పు, ఇంకోదానికి మైదానం అంతా. మీ కుక్కకి ఎంతో కనిపెట్టి, దాని అవతలే ఉండేలా ఏర్పాట్లు చేసుకోవాలి.

వీధి కుక్కా, పెంపుడు కుక్కా?

ఈ తేడా చాలామంది పట్టించుకోరు. రెండూ గొలుసు లేనివే కదా అనుకుంటారు. కానీ రెంటి లెక్కా వేరు.

వీధి కుక్కలకి ఏరియా ఉంటుంది. ఈ కరెంటు స్తంభం నుంచి ఆ టీ బడ్డీ దాకా వాటిది, అక్కడిదాకా మొరుగుతూ మిమ్మల్ని సాగనంపి, హద్దు రాగానే ఆగిపోతాయి. కొన్నాళ్ళు గమనిస్తే ఏ సందులో ఎన్నున్నాయో, ఏది మాటల మనిషో, ఏది చేతల మనిషో మీకే తెలిసిపోతుంది. పైగా గుంపులో బతికిన పెద్ద కుక్కలకి ఎదుటి కుక్క మొహం తిప్పుకుంటే దాని అర్థం తెలుసు, చాలాసార్లు అవే తగ్గుతాయి. పెంపుడు కుక్క, ముఖ్యంగా రెండేళ్ళ లోపు లాబ్రడార్, ఆ మర్యాదలేవీ నేర్చుకోకుండా పెరిగుంటుంది. కుక్కలు పరిచయం చేసుకోవాలంటే కాస్త వంపు తిరిగి పక్కనుంచి వస్తాయి, ఇది మాత్రం బాణంలాగా ముక్కుసూటిగా మొహం మీదకొచ్చి పడుతుంది. దానికి చెడు ఉద్దేశం ఏమీ ఉండదు, నిజమే. కానీ భయపడే కుక్కకి దాని ఉద్దేశంతో పనేముంది? అందుకే ఎవరేమనుకున్నా నా మాట ఒకటే: పగటి పూట తెలిసిన వీధి కుక్కల సందా, గొలుసులిప్పేసిన పెంపుడు కుక్కల మైదానమా అంటే నేను సందే ఎంచుకుంటాను.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. కార్తీకంలో మగకుక్కలు గుంపులు కట్టి తిరుగుతాయి, అప్పుడు హద్దులు గిద్దులు ఉండవు. ఆ తర్వాత రెండు నెలలకి, అంటే చలి బాగా ఉన్న రోజుల్లో, ప్రతి డ్రైనేజీ పక్కనా పిల్లల తల్లి ఒకటి ఉంటుంది, అది మొరిగి ఊరుకోదు. మీది ఆడకుక్క అయి ఎదకొచ్చి ఉంటే ఆ మూడు వారాలూ వీధిలోకి తీసుకెళ్ళకపోవడమే మంచిది, ఇంటి ముందు మగకుక్కలు కాపలా పెడతాయి ఎలాగూ.

వేళ

మన వైపు తెల్లవారుజామున వాకింగ్ చెయ్యడం పెద్ద అలవాటు. వేసవిలో ఐదింటికల్లా వెలుతురు వచ్చేస్తుంది, అరగంట తిరిగేసరికి మైదానాలు, రామలింగం చెరువు చుట్టుపక్కలు వాకర్లతో నిండిపోతాయి, వాళ్ళలో కొందరు గేటు దాటగానే కుక్క గొలుసు తీసేసి ఫోన్ చూసుకుంటూ నడుస్తారు. కాబట్టి ఉదయం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా మీకు పనికిరాని వేళ అని రాసిపెట్టుకోండి. ఇక మిగిలినవి చూస్తే, నాలుగున్నరకి లేవగలిగితే వేసవిలో అదే మంచిది, రోడ్డు ఖాళీ, చాలా దూరం నుంచే ఏమొస్తోందో కనపడుతుంది. రాత్రంతా కాపలా కాసిన వీధి కుక్కలు అప్పటికింకా పడుకోవు, అదొక్కటే ఇబ్బంది. చలికాలంలో నాలుగున్నరకి లేవక్కర్లేదు, పొద్దున్న పది, పదకొండు మధ్య వెళ్ళండి, వాకర్లు ఆఫీసులకి పోయుంటారు, వీధి కుక్కలు ఎండలో కాళ్ళు చాపుకుని పడుకుని మిమ్మల్ని చూడటానికి తల కూడా ఎత్తవు. ఏప్రిల్ నుంచి వర్షాలు పడేదాకా మాత్రం ఆ వేళ కుదరదు. అరచెయ్యి తిరగేసి తారు మీద ఆనించండి, ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఉండలేవు.

సాయంత్రం ఆరు, ఎనిమిది మధ్య పిల్లలు, సైకిళ్ళు, చాట్ బళ్ళు, ట్యూషన్ల ఆటోలు. వద్దు. రాత్రి పదకొండు తర్వాత ఊరు ప్రశాంతంగా ఉంటుందని కొందరు వెళ్తారు. మనుషులకి ప్రశాంతమే, కుక్కలకి మాత్రం అది డ్యూటీ టైమ్. వీధి గుంపులు గట్టిగా ఉండేది అప్పుడే, మీకు సాయం వచ్చేవాడు కూడా ఉండడు. ఆదివారం పొద్దున్న చికెన్, మటన్ కొట్లున్న వీధి ఏ వేళా వద్దు.

దారి

ఊళ్ళో మనకుండేవి ఇంటి సందు, పెద్ద మైదానం, గోపాలపురం బీచి, ఊరి బయట పొలాలు, మేడ. వీటితోపాటు చాలామందికి తట్టనిది ఇంకోటుంది, ఇళ్ళు లేని లేఅవుట్. బైపాస్ వైపు ఎటు వెళ్ళినా ప్లాట్లు వేసి, ముప్పై అడుగుల రోడ్లు వేసి, రాళ్ళు పాతి, ఇళ్ళు మాత్రం కట్టని వెంచర్లు బోలెడు. ఇళ్ళు లేవంటే మిగిలిన అన్నం లేదు, అన్నం లేదంటే వీధి కుక్కలకి అక్కడ పనిలేదు. చుట్టూ దూరం దాకా కనపడుతుంది, ఎటైనా తిరగొచ్చు. వాచ్‌మన్ ఉంటే అతనికి కుక్క ఉందేమో ముందు మీరొక్కరే వెళ్ళి చూసి, అతనితో ఒక మాట చెప్పి రండి. స్కూటీ మీద కూర్చునే కుక్కయితే సరే, లేకపోతే తెలిసిన ఆటో మాట్లాడుకోవాలి, ఖర్చు తగులుతుంది. అయినా రోజూ సందులో బెదిరిపోయే వాకింగ్ కంటే వారంలో రెండుసార్లు ఇక్కడ నింపాదిగా వాసనలు చూసుకుంటూ తిరిగే వాకింగ్ నయం.

మైదానం వద్దని పైనే చెప్పాను. దానికి ఒకటో రెండో గేట్లు, ఆ గేటులోంచే అందరూ వస్తారు, మీరు లోపల ఉండగా రెండు కుక్కలు గేటులోంచి వస్తే మీకు బయటికి దారి లేదు.

గోపాలపురం బీచి ఊరికి పదహారు కిలోమీటర్లు. ఇసుక మీద కనుచూపు మేర దాకా అన్నీ కనపడతాయి కాబట్టి లెక్కప్రకారం ఇది లేఅవుట్ కంటే మంచిదవ్వాలి. కానీ పడవలు లాగి పెట్టే చోట చేపల కోసం కుక్కల గుంపులు ఉంటాయి, టూరిస్టులు బిస్కెట్లు వేసి అలవాటు చేసిన గుంపులు ఇంకోవైపు. పడవల దగ్గర వలలు బాగుచేసుకునేవాళ్ళు మనవాళ్ళే, తెలుగే మాట్లాడతారు, ఏ వైపు కుక్కలు లేవో వాళ్ళని అడిగితే చెప్తారు. నేనైతే పనిరోజుల్లో, పొద్దున్నే, జనం ఉండే చోటు నుంచి బాగా ఎడంగా వెళ్తాను. డిసెంబర్, జనవరి పిక్నిక్ రోజుల్లో అటు తలపెట్టను. తాగే నీళ్ళు పట్టికెళ్ళండి, సముద్రపు నీళ్ళు తాగితే వాంతులు, విరేచనాలు ఖాయం. ఇంకా ఉత్తరంగా రుషికుల్య కలిసే చోటికి మాత్రం ఫిబ్రవరి నుంచి మే దాకా కుక్కతో వెళ్ళొద్దు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు అక్కడ వేలల్లో గుడ్లు పెడతాయి, నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తాయి, ఆ గుడ్లనీ పిల్లల్నీ తవ్వి తినేవాటిలో కుక్కలు ముందుంటాయి. మీ కుక్క మంచిదే కావచ్చు, అక్కడ మాత్రం దానికి పని లేదు.

పొలాలు బాగుంటాయి కానీ మేకల మందల వెంట తిరిగే కుక్కలు మందని కాస్తాయి, వాటికి రాజీ ఉండదు. వానాకాలం పాములు సరేసరి. మేడ గురించి కింద చెప్తాను.

తాడు, బెల్టు, హార్నెస్

మన ఇళ్ళలో ఇనప గొలుసు, తోలు బెల్టు మామూలు. గొలుసు బరువు, చప్పుడు, లాగినప్పుడు అరచెయ్యి కోసుకుపోవడం, వీటన్నిటికంటే పెద్ద చిక్కు బెల్టుది. దేశీ కుక్కల తల సన్నగా ఉంటుంది, మెడ దాదాపు అంతే లావు, భయమేసి వెనక్కి గుంజుకుంటే బెల్టు చెవుల మీదుగా జారిపోయి చేతిలో మిగులుతుంది. జారకుండా బిగిస్తే గొంతు నొక్కుకుపోయి దగ్గు, దానికి తోడు పాత భయం కాస్తా 'ఇంకో కుక్క కనపడితే నా గొంతు నొప్పి పుడుతుంది' అన్న కొత్త లెక్కగా మారుతుంది. చోక్ చైన్ (లాగితే మెడకి బిగుసుకునే గొలుసు), ముళ్ళ బెల్టు అమ్మేవాళ్ళు ఇది చెప్పరు.

లాగితే కొంచెం మాత్రమే బిగిసే మార్టింగేల్ బెల్టు కాస్త నయం. ఛాతీ మీద వై ఆకారంలో వచ్చి భుజాలకి అడ్డం రాని హార్నెస్ ఇంకా నయం. వెనక్కి గుంజుకుని పారిపోయే కుక్కకి నా ఓటు మూడు పట్టీల హార్నెస్‌కి, మూడోది పక్కటెముకల వెనకాల నడుము దగ్గర బిగుస్తుంది కాబట్టి అందులోంచి జారుకోవడం చాలా కష్టం. దాంతో పాటు మెడకి బెల్టు కూడా ఉంచి రెంటినీ చిన్న క్లిప్పుతో కలిపితే ఒకటి తెగినా ఇంకోటి ఉంటుంది. మెత్త మెత్తగా దళసరిగా ఉన్నవి చూడ్డానికి బాగుంటాయి, మన ఉక్కపోతకి చంకల కింద ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి, గాలాడే పల్చటి గుడ్డది తీసుకుని ఇంటికి రాగానే విప్పెయ్యండి. మెడలో ఫోన్ నంబరున్న బిళ్ళ తప్పకుండా ఉండాలి.

తాడు ఆరడుగుల నైలాన్‌ది చాలు. బటన్ నొక్కితే సాగి ముడుచుకునే లీష్ ఈ పనికి అస్సలు పనికిరాదు, ఎప్పుడూ బిగువుగా ఉంటుంది, సన్నటి తాడు చేతుల్ని కోస్తుంది, చెయ్యి జారితే ఆ ప్లాస్టిక్ డబ్బా గణగణమంటూ కుక్క వెంటపడి ఉన్న భయాన్ని రెట్టింపు చేస్తుంది. లేఅవుట్‌లోనూ బీచిలోనూ ముప్పై అడుగుల తాడు బాగుంటుంది కానీ అది హార్నెస్‌కే కట్టాలి, మెడకి కడితే పరుగెత్తి ఆగినప్పుడు మెడ పట్టేస్తుంది.

మజిల్, అంటే కరవకుండా మూతికి తొడిగేదాని సంగతి. గుడ్డతో మూతిని బిగించి పట్టేవి వాకింగ్‌కి వద్దు, నోరు తెరిచి రొప్పలేకపోతే కుక్క ఒంట్లో వేడి తగ్గదు, మన ఎండలకి అది ప్రాణం మీదకి తెస్తుంది. బుట్టలాంటిదయితే నీళ్ళు తాగగలదు, తిండి ముక్క అందుకోగలదు. ఇంట్లో కొన్ని వారాలు బుట్టలో తిండి పెట్టి అలవాటు చేశాకే బయటికి. దాన్ని చూసి జనం పక్కకి తప్పుకుంటారు, పెంపుడు కుక్కల వాళ్ళు కూడా గబగబా గొలుసు తగిలిస్తారు, అదొక లాభం. కానీ వీధి కుక్కల సందులో మజిల్ వేసిన కుక్క తనని తాను కాపాడుకోలేదు. కాబట్టి మనుషులు ఎక్కువున్న చోటికయితే మజిల్, వీధి కుక్కలు ఎక్కువున్న చోటయితే అసలు ఆ చోటే మానుకోవడం.

ఎదురొచ్చేసింది, ఇప్పుడేం చెయ్యాలి?

అన్నిటికంటే పనికొచ్చేది వెనక్కి తిరగడం. పిరికితనంలా కనపడుతుందని మగవాళ్ళు చాలామంది చెయ్యరు. ఇంటి వరండాలో 'ఇటు రా' అని హుషారుగా పిలిచి తిరగ్గానే ముక్క పెడుతూ రోజూ ఆడిస్తే, రోడ్డు మీద ఆ మాట వినగానే కాళ్ళు వాటంతటవే తిరుగుతాయి. తిరిగే చోటు లేకపోతే ఆగి ఉన్న కారు వెనక్కో, ఎవరింటి అరుగు ఎక్కో, కొట్టు మెట్ల పక్కకో పోయి మధ్యలో అడ్డు పెట్టాలి. చూపు తెగితే సగం భయం తగ్గుతుంది. తాడు మాత్రం గుంజి పట్టుకోకండి, మీ చెయ్యి బిగిస్తే 'ఏదో ఉంది' అని దానికి అర్థమవుతుంది.

రాయి తీస్తున్నట్టు కిందికి వంగడం మనందరికీ చిన్నప్పట్నుంచీ తెలిసిన విద్య. వీధి కుక్కల మీద పనిచేస్తుంది, సందేహం లేదు. కానీ మీ చేతిలో ఉన్నది కూడా వీధిలోంచి వచ్చినదే అయితే ఆ వంగడం అర్థం దానికీ తెలుసు. ఎదుటి కుక్క పది అడుగులు వెనక్కిపోతే, మీది తాడు తెంపుకునేంత గుంజుతుంది, మీ మీద నమ్మకం కూడా పోతుంది. కర్రదీ అదే కథ. నాకు నచ్చింది గొడుగు. ఎండకీ వానకీ ఎలాగూ చేతిలో ఉంటుంది, ఠప్పున తెరిచి కుక్కల మధ్య అడ్డు పెడితే వచ్చేది తికమకపడి ఆగుతుంది. ముందు ఇంట్లో కొద్దికొద్దిగా తెరుస్తూ, ప్రతిసారీ ముక్క పెడుతూ మీ కుక్కకి ఆ చప్పుడు అలవాటు చెయ్యాలి, లేకపోతే గొడుగు చూసి మీదే ముందు పరుగెడుతుంది.

వచ్చే కుక్క మీదకి బిస్కెట్లు విసరడం ఒంటరి కుక్కకి బాగా పనిచేస్తుంది, అది ఏరుకునే లోపు మీరు సందు దాటొచ్చు. మూడు నాలుగున్నప్పుడు వేస్తే వాటిలో వాటికి కొట్లాట మొదలై మధ్యలో మీరుంటారు. మీ సందు కుక్కలతో శాశ్వతంగా రాజీ కావాలంటే ఇంకో దారి ఉంది, మీ కుక్క లేకుండా మీరొక్కరే వెళ్ళి వాటికి తిండి పెట్టి మచ్చిక చేసుకోవడం. అయితే నడివీధిలో పెట్టకండి. 2025 ఆగస్టు 22న సుప్రీం కోర్టు ఇచ్చిన ఉత్తర్వులో వీధి కుక్కలకి తిండి ప్రత్యేకించిన చోట్లలోనే పెట్టాలని ఉంది, వార్డు వాళ్ళతో మాట్లాడి ఒక మూల ఖాయం చేసుకోండి. కారం చల్లడం, స్ప్రేలు కొట్టడం వద్దే వద్దు, గాలి ఎటు వీస్తే అటు పోయి మీ కుక్క కళ్ళలోనే పడుతుంది.

చిన్న కుక్కయితే ఎత్తుకోవాలనిపిస్తుంది. పక్కనే గేటు మూసుకోగలిగే చోటుంటే ఎత్తుకుని బేగి లోపలికి పోండి, అలాంటి చోటు లేకపోతే ఎత్తుకోకండి, రెండోది మీ మీదకి ఎగురుతుంది. నిజంగా కరుచుకుంటే మధ్యలో చెయ్యి పెట్టకండి, నీళ్ళో, దుప్పటో, గోనెసంచో ఏది దొరికితే అది మీద వెయ్యండి. మీకు పన్ను దిగితే సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. పసుపు, కారం, సున్నం లాంటివేవీ రాయొద్దు. రక్తం వచ్చిన గాయానికి రేబిస్ టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) కూడా అవసరం, అడగండి. మీ కుక్కని కరిస్తే దానికి ఏటేటా టీకా వేయిస్తున్నా సరే, పశువుల డాక్టర్ దగ్గరికి అదే రోజు తీసుకెళ్ళాలి.

యజమానితో ఏ మాట?

అసలు తలనొప్పి ఇది. కుక్క మన మీద పడుతుంటే ఇరవై గజాల వెనక నుంచి 'ఏం చెయ్యదండీ' అనో 'కిచ్ఛి కరిబని' అనో ఒక చిరునవ్వు వస్తుంది. వాళ్ళది ఏం చెయ్యకపోవచ్చు, మనదాని సంగతి ఎవరు చెప్పాలి?

'మాదానికి భయమండీ' అన్నది నిజమే కానీ ఎందుకో పనిచెయ్యదు, 'మావాడు ఫ్రెండ్లీ, అలవాటు చేస్తాడు' అని ఇంకా దగ్గరికి పంపుతారు. 'మాది కరుస్తుంది' అంటే ఠక్కున పట్టుకుంటారు, కానీ బరంపురం లాంటి ఊళ్ళో ఆ మాట సాయంత్రానికి కాలనీ అంతా తిరుగుతుంది, రేపు ఏదైనా జరిగితే 'వాళ్ళే చెప్పారు కదా' అని మీ మెడకే చుట్టుకుంటుంది. అన్నిటికంటే త్వరగా పట్టుకునేలా చేసేది 'దీనికి చర్మం జబ్బు, అంటుకుంటుంది, మందు వాడుతున్నాం' అన్న అబద్ధం. దీని ముందు ఎంత ఫ్రెండ్లీ కుక్కయినా క్షణంలో గొలుసు మీదకొస్తుంది. తెలియని వాళ్ళ మీద నేను మొహమాటం లేకుండా వాడతాను, రోజూ ఎదురయ్యే వాళ్ళతో మాత్రం వాడను, రెండో వారం కూడా తగ్గకపోతే వాళ్ళకే అనుమానం వస్తుంది.

ఏ మాటైనా పొట్టిగా, చెయ్యి ఎత్తి, కుక్క ఇంకా దూరంగా ఉండగానే చెప్పాలి. తెలుగో ఒడియానో తేల్చుకునే తీరిక ఉండదు, 'ఆగ్యా, కుకురకు టికె ధరంతు' (అండీ, కుక్కని కాస్త పట్టుకోండి) అని గట్టిగా అంటే ఇద్దరికీ అర్థమవుతుంది. కారణాలు తర్వాత. పెద్దవాళ్ళయితే 'మావయ్యగారూ, కొంచెం పట్టుకోండి, మేం వెళ్ళిపోతాం' అంటే చాలు, 'మేం వెళ్ళిపోతాం' అన్నది వాళ్ళ అహాన్ని కాపాడుతుంది.

రోజూ ఎదురయ్యే పొరుగు వాళ్ళతో రోడ్డు మీద కుక్కలు రెండూ ఉండగా వాదన పెట్టుకోవడం కంటే సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి టీ తాగుతూ మాట్లాడటం వంద రెట్లు మేలు. గొలుసు వెయ్యమని అడిగితే పౌరుషం, టైము పంచుకుందామంటే ఒప్పందం: 'మీరు ఆరింటికి వెళ్తారు కదా, మేం ఐదుకి ముందే వచ్చేస్తాం, ఎప్పుడైనా ఎదురుపడితే ఒక్క నిమిషం పట్టుకోండి.' దీనికి కాదనేవాళ్ళు తక్కువ. అప్పటికీ వినకుండా కుక్క ఎవరినైనా కరిచేదాకా వస్తే చట్టం ఉంది, భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ ప్రకారం తన జంతువు వల్ల ప్రమాదం రాకుండా చూసుకోని యజమానికి ఆరు నెలల దాకా జైలో, ఐదు వేల దాకా జరిమానానో, రెండూనో. ఇది తెలిసి ఉండటం మంచిదే, ప్రతి చిన్నదానికీ బయటికి తియ్యడం మంచిది కాదు, అదే వీధిలో ఇద్దరూ బతకాలి.

వాకింగ్ మానేస్తే తప్పా?

కాదు. రోజూ కుక్కని తిప్పకపోతే పాపం అన్నట్టు మాట్లాడతారు కానీ, భయస్తురాలిని రోజూ భయపెట్టి తీసుకురావడమే దానికి చేటు. ఒకసారి బాగా బెదిరితే ఆ కంగారు ఒంట్లోంచి దిగడానికి ఒక రోజో రెండు రోజులో పట్టొచ్చు. మర్నాడే మళ్ళీ తీసుకెళ్తే మామూలుగా పట్టించుకోని ప్లాస్టిక్ కవర్ని చూసి కూడా మొరుగుతుంది. ఆ రెండు రోజులూ మేడ మీద పాత చీరలో ముక్కలు చుట్టి వెతుక్కోమనండి, అట్టపెట్టెల్లో దాచండి. ముక్కుతో వెతికే పని పావుగంట చేస్తే బాగా అలిసిపోయి పడుకుంటుంది. మేడ మీద పోసుకోని కుక్కకి ఒక పాత ట్రేలో మట్టి, గడ్డి వేసి పెడితే నెమ్మదిగా అలవాటవుతుంది. బుఢీ ఠాకురాణి యాత్ర రోజుల్లో, దీపావళికి, పెళ్ళిళ్ళ సీజన్లో బ్యాండు వచ్చే వీధుల్లో, అసలు ఆలోచించకుండా మేడే. అలాగని నెలల తరబడి మేడకే కట్టేస్తే బయటి లోకం ఇంకా భయంగా మారుతుంది. ఒంటరిగా తిప్పడమా, తోడుతోనా అంటే, నెమ్మదస్తుడైన పెద్ద కుక్క తెలిసిన వాళ్ళింట్లో ఉంటే, రెంటికీ తాడు వేసి, పలకరింపులు లేకుండా, రోడ్డుకి ఆ పక్కా ఈ పక్కా ఒకే వైపు నడిపించడం కంటే మంచి బడి లేదు. 'పది కుక్కల మధ్య వదిలెయ్, అదే అలవాటవుతుంది' అనేవాళ్ళ మాట వినొద్దు, అప్పుడు కుక్క ఊరుకుంటే అలవాటయి కాదు, చేతకాక. డబ్బులిచ్చి పక్కింటి కుర్రాడితో తిప్పించడం కూడా ఈ కుక్కలకి కుదరదు.

ట్రైనరా, డాక్టరా?

ముందు డాక్టరు. ఉన్నట్టుండి కుక్కలంటే పడకపోవడానికి చెవిలో చీము, తుంటి నొప్పి, పిడుదుల జ్వరం కారణమవడం మన వైపు మామూలే, నొప్పితో ఉన్న కుక్కకి ఏ శిక్షణా ఎక్కదు. ఊళ్ళో తేలకపోతే భువనేశ్వర్ వెటర్నరీ కాలేజీ ఉంది, లేదా బండెక్కి విశాఖపట్నం పోవచ్చు. ట్రైనర్ని ఎంచుకునేటప్పుడు మొదటి రోజే చోక్ చైన్ తీసినా, 'దీనికి లీడరెవరో చూపించాలి' అన్నా, కుక్క బిగుసుకుపోతే 'చూశారా, మాట విన్నది' అన్నా నమస్కారం పెట్టి పంపెయ్యండి. ఎంత దూరంలో తిండి తింటోంది అని అడిగేవాడు దొరికితే వదులుకోవద్దు.

భయం మరీ ఎక్కువైతే మందులు ఉన్నాయి, వాటికి సిగ్గుపడక్కర్లేదు. కానీ ఇంట్లో ఎవరికో రాసిన నిద్రమాత్ర సగం విరిచి పెట్టడం చెయ్యకండి. దీపావళికని కొన్ని చోట్ల ఏస్‌ప్రోమజీన్ అనే మత్తుమందు ఒక్కటే ఇచ్చి పంపుతారు, దాంతో ఒళ్ళు కదలదు కానీ లోపల భయం తగ్గదు, కదల్లేక పడి ఉండి ప్రతి చప్పుడూ వింటుంది. భయం తగ్గించే మందే కావాలని అడగండి, రోజూ వేసే కొన్ని రకాలు పని మొదలుపెట్టడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి దీపావళి కోసమైతే వినాయక చవితి నాటికే డాక్టర్ దగ్గర ఉండాలి.